మా కాలేజీ రేడియోలో గుంయ్‌మనే మోత ఎలా పోయిందంటే

మాది పర్లాకిమిడి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు. మా కాలేజీ రేడియోని విద్యార్థులమే నడుపుతాం. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి కార్యక్రమం రికార్డు చేస్తుంటే మాటల వెనక ఒకటే గుంయ్‌మని మోత. ఒడిశాలో మాకు తెలుగు కార్యక్రమానికి దొరికే గంటసేపు అది; ప్రాణం ఉసూరుమంది.

మైకు మార్చాను, కేబుళ్లు మార్చాను. లాభం లేదు. చివరికి ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకేశాను. మోత ఠక్కున ఆగింది! ల్యాప్‌టాప్‌కీ, శబ్దాల్ని కలిపే ఆడియో మిక్సర్‌కీ వేరే వేరే ప్లగ్గుల నుంచి ఎర్త్ వస్తోంది. ఆడియో వైరు ఆ రెంటినీ కలిపేసి చుట్టు కడుతోంది. కరెంటు తాలూకు 50 హెర్ట్జ్ మోత అందులోంచే దూరుతోంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే.

ఛార్జర్ ఎర్త్ పిన్ను విరిచెయ్యమని ఒక సీనియర్ అన్న చెప్పాడు. దయచేసి ఆ పని చెయ్యకండి, షాకు నుంచి కాపాడేది అదే. ల్యాప్‌టాప్‌నీ మిక్సర్‌నీ ఒకే స్విచ్‌బోర్డుకి పెడితే కొంత తగ్గింది. ఆడియో వైరు మధ్యలో 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ (రెండు వైపులా తీగ చుట్లు సమానంగా ఉండేది) పెట్టాక పూర్తిగా పోయింది. అందులో శబ్దం అయస్కాంత క్షేత్రం మీదుగా దాటుతుంది, వైరుకి వైరు తగలదు.

ఆ సాయంత్రమే పంతులుగారి కార్యక్రమం మళ్లీ మొదట్నుంచీ రికార్డు చేశాం.