రక్తం వస్తోందని తోమడం మానేశాను (నా అనుభవం)

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. నిరుడు సంక్రాంతి ముందు పళ్లు తోముకుంటుంటే ఉమ్మిలో రక్తం కనపడింది. భయమేసి ఆ వైపు తోమడమే మానేశాను. తప్పంతా అక్కడే జరిగింది. తోమని చోట పాచి పేరుకుని చిగుళ్లు ఇంకా వాచాయి. అమ్మమ్మ చెప్పినట్టు ఉప్పునీళ్లు పుక్కిలిస్తే నొప్పి తగ్గింది కానీ రక్తం ఆగలేదు.

చివరికి పళ్ల డాక్టరు గారికి చూపించాను. పాచి గట్టిపడి గార కట్టిందని, అది బ్రష్షుతో పోదని చెప్పి క్లీనింగ్ చేశారు. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయని మా ఊళ్లో చాలామంది అంటారు, నాకూ ఆ టెన్షన్ ఉండేది. అది నిజం కాదు. గార పోయాక పళ్ల సందులు ఖాళీగా అనిపించాయి, కొన్ని రోజులు చల్లనీళ్లకు జివ్వుమంది, అంతే.

ఇప్పుడు మెత్తని బ్రష్షును చిగుళ్ల అంచుకి 45 డిగ్రీలు వాల్చి, నెమ్మదిగా 2 నిమిషాలు తోముతాను. పొద్దున ఎలాగూ తోముతాం, రాత్రి తోమడమే ముఖ్యం. ఫ్లోరైడ్ పేస్టు వాడి, నురగ ఉమ్మేశాక ఎక్కువ నీళ్లతో పుక్కిలించను. ఆత్రేయపురం పూతరేకులు మానలేదు, రాత్రి తోముకున్నాక మాత్రం ముట్టను.

రెండు వారాలకి రక్తం ఆగింది. మీకూ ఇలా వస్తుంటే ఆ చోటు తోమకుండా వదిలేయకండి. షుగరు ఉన్నవాళ్లయితే వెంటనే చూపించుకోండి.