మిషన్ మీద కూర్చుంటే ఒళ్లు నొప్పులా? ముందు స్టూలు కొలవండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ఎక్కడ చూసినా మన టైలర్లు మిషన్ కొనేముందు పది షాపులు తిరుగుతారు. కూర్చోడానికి మాత్రం ఇంట్లో ఉన్న స్టూలేదో లాక్కుంటారు. పెళ్లిళ్ల సీజన్ వస్తే నొప్పి మాత్రలు మొదలు.

సమస్య: సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి, మెడ వెనక లాగుతుంది.

కారణం: స్టూలు పొట్టిది. బల్ల మోచేతికంటే బాగా పైన ఉంది కాబట్టి గుడ్డ తోసినంతసేపూ భుజాలు ఎత్తిపట్టే ఉండాలి.

పరిష్కారం: భుజాలు వదులుగా వదిలి, మోచేతులు మడిచి కూర్చోండి. నేల నుంచి మోచేతికి ఎంతుందో, బల్లకు ఎంతుందో వేరొకరిచేత కొలిపించండి. బల్ల మోచేతి ఎత్తులోనో, రెండు మూడు వేళ్లు పైనో ఉండాలి. అంతకుమించి తేడా ఉంటే స్టూలు కాళ్ల కింద చెక్క దిమ్మలు కొట్టించండి. దిండు వేస్తే కాసేపటికే అణిగిపోతుంది. వడ్రంగి ఒడియా ఆయనైనా, తెలుగాయనైనా "మామూలు సైజు" అనకండి, అంగుళాల్లో రాసివ్వండి.

సమస్య: స్టూలు ఎత్తు చేశాక తొడల కింద తిమ్మిరి.

పాదాలు ఆనక కాళ్లు వేలాడుతున్నాయి, స్టూలు అంచు తొడల కింద నొక్కుతోంది. మోటారు మిషన్ అయితే పాదాల కింద వెడల్పాటి పీట వేసి, పెడల్ కూడా దాని మీదే పెట్టండి. తొక్కుడు మిషన్ అయితే తొక్కే పలక మీద చెక్క ముక్క కదలకుండా బిగించాలి. స్టూలు ముందంచు పదునుగా ఉంటే గుండ్రంగా చిత్రిక పట్టించండి. తొడ సొరుగుకు తగులుతుంటే సొరుగు పీకేయడమే.

సమస్య: అక్కకు హాయిగా ఉన్న స్టూలు చెల్లెలికి పడటం లేదు.

ఇద్దరిదీ ఒకే పొడుగు కావచ్చు, కానీ ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుము పొడుగు. ఇద్దరికీ మధ్యస్థంగా కొలత తీస్తే సరిపోతుందనుకుంటాం. 1950లో అమెరికా వైమానిక దళం 4,063 మంది పైలట్లను కొలిచింది. గిల్బర్ట్ డేనియల్స్ అనే ఆయన పది కొలతలు తీసుకుని లెక్క చూస్తే, పదింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవాడు ఒక్కడూ దొరకలేదు. ఆ తర్వాతే కాక్‌పిట్ సీట్లు ముందుకూ వెనక్కూ జరిగేలా చేశారు. మనకు అంత హంగామా అక్కర్లేదు. పొట్టి మనిషికి సరిపడా ఒక పీట, తీసి పెట్టుకునే దిమ్మలు ఉంటే చాలు.

మెడ వంచి సూదిలోకి తొంగి చూస్తున్నారా? అది చాలాసార్లు వెలుతురు గొడవ. నల్ల గుడ్డ మీద నల్ల దారం అయితే మరీను. సూది దగ్గరే చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టండి.

ఇవన్నీ సరిచేశాక కూడా రాత్రిళ్లు వేళ్లు మొద్దుబారి మెలకువ వస్తుంటే అది స్టూలుతో తీరేది కాదు, డాక్టరుకు చూపించుకోండి.