కర్లూ కనిపించిన చోటల్లా మంచి చోటు కాదు: మూర్‌ల్యాండ్ పిట్టల ఆవాస పటం గీయడం

కర్లూ పొడుగాటి వంపు ముక్కున్న, చాలా ఏళ్లు బతికే పిట్ట. ఒకసారి గూడు పెట్టిన ప్రాంతానికే ఏటా తిరిగొస్తుంది. పిల్లలు ఒక్కటీ బతకని నేల మీద కూడా జంట ఏళ్ల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. బ్రిటన్ మూర్‌ల్యాండ్‌లలో (చెట్లు పెద్దగా లేని, గడ్డీ పొదలూ ఉన్న ఎత్తైన బయళ్లలో) పిట్ట కనబడిన చోటల్లా చుక్క పెట్టి, దాన్నే ఆవాస నాణ్యత పటం అంటే సంరక్షణ డబ్బు తప్పు చోట పడుతుంది.

ముందు జాతులను విడదీయండి. గోల్డెన్ ప్లవర్‌కు చదునైన పీట్ నేల (సగం కుళ్లిన మొక్కలు పేరుకున్న తడి నేల), పొట్టి హెదర్ పొదలు కావాలి. డన్లిన్‌కు నీటి మడుగులు, ల్యాప్‌వింగ్‌కు బాగా మేసిన పొట్టి గడ్డి, స్నైప్‌కు ముక్కు దిగేంత మెత్తటి తడి నేల. కర్లూకు పొట్టీ పొడుగూ కలిసిన గడ్డి. అన్నిటికీ కలిపి ఒకే పటం గీస్తే అది ఏ పిట్టకూ సరిపోదు.

క్యూజీఐఎస్ అనే పటాల సాఫ్ట్‌వేర్‌లో బ్రిటిష్ నేషనల్ గ్రిడ్ నిర్దేశాంకాలు (ఈపీఎస్‌జీ 27700) పెట్టుకుని వాలు, తడి, మొక్కల ఎత్తు, చెట్ల దూరం పొరలుగా వేయండి. తడికి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో మొదలుపెట్టండి. ఏప్రిల్ నుంచి జూన్ వరకు మబ్బు లేని రోజులవి ఎంచుకోండి. తడి సూచికకు వాడే షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనబడని కాంతి) బ్యాండ్లలో ఒక్కో పిక్సెల్ 20 మీటర్లు. నేలలోని నీటిని బయటికి పంపే అర మీటరు వెడల్పు కాలువ అందులో కనబడదు, కానీ పక్కనున్న పీట్‌ను ఎండబెట్టేది అదే. పైపొర ఎండితే క్రేన్‌ఫ్లై (పొడుగు కాళ్ల ఈగ) లార్వాలు చస్తాయి, పిల్లలకు తిండి పోతుంది. కాలువలను 1 మీటరు లైడార్ (లేజర్‌తో కొలిచిన నేల ఎత్తుల పటం) మీద చేత్తో గీయండి. ఇంగ్లండ్‌కు ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది.

ప్రతి పొరకూ 0 నుంచి 1 మార్కు ఇవ్వండి. ఎక్కువమంది తప్పు చేసేది వాటిని కలిపేటప్పుడే. తడి 1, గడ్డి 1, తోట (కలప కోసం నాటిన చెట్లు) అంచు 0 అయితే సగటు 0.67 వస్తుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది. నిజానికి తోటలోంచి వచ్చే నక్క, కాకి గూటిని మిగల్చవు. గుణిస్తే 0 వస్తుంది, అదే సరైన జవాబు. స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న ఫ్లో కంట్రీ పీట్ నేలల్లో గోల్డెన్ ప్లవర్, డన్లిన్‌ల మీద తోట అంచు ప్రభావం 700 మీటర్ల దాకా కనిపించింది. కాబట్టి ఆ రెండింటికి అంచు దగ్గర 0, 700 మీటర్ల దగ్గర 1 పెట్టి మొదలుపెట్టండి.

తర్వాత నేల మీద సరిచూడాలి. ఎక్కువ, మధ్య, తక్కువ మార్కుల గళ్లలోంచి 500 మీటర్ల చదరాలను లాటరీ పద్ధతిలో తీయండి. రోడ్డు పక్కవే ఏరితే పటం బాగున్నట్టే కనబడుతుంది. ఒక్కో చదరంలో 20–25 నిమిషాలు నడవండి, ఏ చోటూ మీకు 100 మీటర్లకు మించి దూరంలో మిగలకూడదు. మొదటిసారి ఏప్రిల్ మొదటి నుంచి మే మధ్యలోపు, రెండోసారి మే మధ్య నుంచి జూన్ చివరిలోపు. వాన, పొగమంచు, గట్టి గాలి ఉంటే ఆ రోజు మానేయండి. రెండో విడతలో తల మీద తిరుగుతూ అరిచే పెద్ద పిట్టలను విడిగా రాయండి. దగ్గర్లో పిల్లలున్నాయనడానికి అదే బలమైన గుర్తు, ఉట్టి చుక్క కన్నా ఎంతో విలువైంది.

పనిలో పనిగా ఒక్కో చదరంలో పది చోట్ల కర్ర గుచ్చి నేల మెత్తదనం, స్కేలు పెట్టి గడ్డి ఎత్తు రాసుకోండి. రష్ గడ్డి ఒత్తుగా పెరిగిన తడి నేలకు ఉపగ్రహం మంచి మార్కే వేస్తుంది. లోపలికి వెళ్తే కుదుళ్ల మధ్య చెయ్యి కూడా దూరదు, కర్లూ పిల్ల ఎలా నడుస్తుంది? అలాంటి గళ్లకు ఎత్తు మార్కు తగ్గించండి.

గ్రీన్‌షాంక్, వింబ్రెల్ గూళ్లు ఉన్నచోట జాగ్రత్త. బ్రిటన్ 1981 వన్యప్రాణి చట్టం షెడ్యూల్ 1 (ప్రత్యేక రక్షణ జాబితా) పిట్టలవి, లైసెన్సు లేకుండా గూటి దగ్గర అలజడి చేయకూడదు.

చివరి పటంతో పాటు విడి పొరలనూ అందజేయండి. కాలువ వల్ల మార్కు పడిపోయిన గడిని కాలువ పూడ్చి బాగు చేయొచ్చు. తోట వల్ల పడిపోయిన గడిలో కాలువ పూడ్చినా పిల్లలు దక్కవు.