పీటీఎస్‌డీ కోడ్ వేసే ముందు నోట్‌లో ఏం చూడాలి

హన్మకొండలో కూర్చుని అమెరికా థెరపీ క్లినిక్‌ల చార్టులకు డయాగ్నోసిస్ కోడ్‌లు వేసే కోడర్లు ముందు నోట్‌లో అసెస్‌మెంట్ లైను (థెరపిస్ట్ తన నిర్ణయం రాసే చోటు) తెరవాలి. పేషెంట్ చెప్పుకున్న బాధ రెండు పేజీలుండొచ్చు. అది చదివి ‘ఇది పీటీఎస్‌డీయే’ (భయంకర ఘటన తర్వాత వదలకుండా వెంటాడే మానసిక సమస్య) అని కోడర్ తేల్చేయకూడదు. డయాగ్నోసిస్ థెరపిస్ట్ ఇవ్వాలి, దానికి సరిపోయే కోడ్ మనం పట్టాలి.

ఒక నోట్ చూద్దాం. కారు యాక్సిడెంట్ అయి పన్నెండు రోజులు. నిద్ర పట్టట్లేదు, ప్రతిదానికీ చిరాకు. చివర్లో ‘రూల్ అవుట్ పీటీఎస్‌డీ’, అంటే అవునో కాదో ఇంకా తేలాలని. రూల్ అవుట్, ప్రాబబుల్, సస్పెక్టెడ్ అని రాసిన జబ్బును ఔట్‌పేషెంట్ క్లెయిమ్‌లో (ఇన్సూరెన్స్‌కు పంపే బిల్లులో) ఉన్నట్టు కోడ్ చేయొద్దని కోడింగ్ గైడ్‌లైన్లే చెప్తున్నాయి. కాబట్టి లక్షణాలే వేయాలి: నిద్రలేమికి జీ47.00, చిరాకుకు ఆర్45.4. ‘అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్’ అని ఖాయంగా రాసుంటే ఎఫ్43.0. రూల్ అవుట్ మాటే లేకుండా నేరుగా పీటీఎస్‌డీ అని రాసుంటే మాత్రం ఆగండి. డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల డయాగ్నోసిస్ పుస్తకం) ప్రకారం లక్షణాలు నెల దాటితేనే పీటీఎస్‌డీ, మూడు రోజుల నుంచి నెల లోపైతే అక్యూట్ స్ట్రెస్ డిజార్డర్. కోడ్ మీరు మార్చకండి, తేదీలు చూపించి థెరపిస్ట్‌కు క్వెరీ (వివరణ అడిగే ప్రశ్న) పంపండి.

పీటీఎస్‌డీ ఖాయమైతే మూడు కోడ్‌లు: ఎఫ్43.10 అన్‌స్పెసిఫైడ్, ఎఫ్43.11 అక్యూట్, ఎఫ్43.12 క్రానిక్. తప్పులు ఎక్కువ జరిగే చోటు ఇదే. మూడు నెలల లోపైతే అక్యూట్, దాటితే క్రానిక్ అన్నది డీఎస్ఎం-4 నాటి లెక్క. డీఎస్ఎం-5 ఆ విభజన తీసేసి ఎఫ్43.10 ఒక్కటే ఇచ్చింది. కోడ్‌లు మాత్రం అమెరికా వాడే జబ్బుల కోడ్‌ల జాబితా ఐసీడీ-10-సీఎంలో అలాగే ఉన్నాయి. ఘటన జరిగి నాలుగేళ్లయింది గదా అని మీరే నెలలు లెక్కేసి ఎఫ్43.12 వేస్తే ఆడిట్‌లో నిలవదు. ‘క్రానిక్’ అన్న మాట నోట్‌లో ఉండాలి, లేకుంటే ఎఫ్43.10తోనే సరిపెట్టండి. కాంప్లెక్స్ పీటీఎస్‌డీకి డబ్ల్యూహెచ్ఓ కొత్త జాబితా ఐసీడీ-11లో 6బీ41 ఉంది గానీ అమెరికా బిల్లింగ్‌లో అది పనికిరాదు, ఐసీడీ-10-సీఎంలో దానికి విడిగా కోడ్ లేదు.

మన దేశపు ఆసుపత్రుల కాగితాల మీద ఎఫ్43.1 అని కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్ఓ ఐసీడీ-10లో అక్కడితో ఆగిపోతుంది, తప్పేం లేదు. అదే అలవాటులో అమెరికా క్లెయిమ్‌లో కొడితే ఐదో అంకె లేదని వెనక్కొస్తుంది. ఎఫ్43.8 (తీవ్ర ఒత్తిడికి ఇతర స్పందనలు) సంగతీ అంతే. 2022 అక్టోబర్ 1 నుంచి అది ఎఫ్43.81 (ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్), ఎఫ్43.89గా విడిపోయింది. ఆప్తులు పోయి పెద్దవాళ్లకు కనీసం ఏడాది, పిల్లలకు ఆరు నెలలు గడవకుండా 81 కనిపిస్తే మళ్లీ క్వెరీ.

అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్‌కు (మారిన పరిస్థితికి సర్దుకోలేని బాధకు) అన్‌స్పెసిఫైడ్ ఎఫ్43.20 వేసి చేతులు దులుపుకోకండి. దిగులు ఉంటే 21, ఆందోళన ఉంటే 22, రెండూ ఉంటే 23 అని నోట్‌లోనే దొరుకుతుంది.

పాత ఘటనలకు జెడ్ కోడ్‌లు. చిన్నప్పటి శారీరక, లైంగిక హింసకు జెడ్62.810, మానసిక హింసకు జెడ్62.811. ఇవి మెయిన్ డయాగ్నోసిస్ వెనక వస్తాయి. హింస ఇప్పుడు జరుగుతున్నట్టు థెరపిస్ట్ రాస్తే దారి వేరు: నిర్ధారణైతే టీ74, అనుమానమైతే టీ76, అదే మొదటి కోడ్, మానసిక సమస్య దాని వెనక. ఇంకో సంగతి. ఇన్సూరెన్స్ పంపే ఈఓబీ (ఏ సర్వీసుకు ఎంత చెల్లించారో చెప్పే పత్రం) సాధారణంగా పాలసీదారుకే పోతుంది, ఆ పాలసీదారు భర్తో తండ్రో కావచ్చు. కోడ్ వివరాలు ఎవరి కంట పడతాయో క్లినిక్‌కు ముందే గుర్తుచేయడం మంచిది.

క్లెయిమ్ పంపే సీఎంఎస్-1500 ఫారంలో బాక్స్ 21లో పన్నెండు డయాగ్నోసిస్ కోడ్‌లు పడతాయి, 24ఈలో ఒక్కో సర్వీసు లైనుకు నాలుగు పాయింటర్లే (ఆ సర్వీసు ఏ డయాగ్నోసిస్ కోసమో చూపే గుర్తులు). ట్రామా థెరపీ సెషన్ లైనుకు మొదటి పాయింటర్ ఆ రోజు చికిత్స చేసిన డయాగ్నోసిస్‌దే కావాలి. సెషన్ కోడ్‌ల టైమూ సరిచూడండి: 90832కి 16–37 నిమిషాలు, 90834కి 38–52, 90837కి 53 లేదా ఆ పైన. మొదలైన, ముగిసిన టైములు నోట్‌లో లేకపోతే 90837ను నిలబెట్టడం కష్టం.

డినయల్ వస్తే (ఇన్సూరెన్స్ క్లెయిమ్‌ను తిరస్కరిస్తే) కారణం చెప్పే రీజన్ కోడ్ చదివాకే చేయి పెట్టండి. సీఓ-146 అంటే ఆ సర్వీసు తేదీకి డయాగ్నోసిస్ కోడ్ చెల్లదని. ఐదో అంకె, అక్టోబర్ మార్పులు చూస్తే సాధారణంగా దొరికిపోతుంది. సీఓ-11 అంటే డయాగ్నోసిస్, ప్రొసీజర్ పొసగట్లేదని, అప్పుడు ముందు పాయింటర్ చూడాలి. తప్పు మనదైతే బాక్స్ 22లో 7 వేసి, పాత క్లెయిమ్ నంబర్ పెట్టి కరెక్టెడ్ క్లెయిమ్ పంపండి. కొత్త క్లెయిమ్‌లా మళ్లీ పంపితే డూప్లికేట్ అని ఇంకో డినయల్ వస్తుంది. డబ్బు రావడానికని నోట్‌లో లేని డయాగ్నోసిస్‌కు మాత్రం మార్చొద్దు, అది ఫ్రాడ్ కిందికొస్తుంది.