ఆల్ఫా పడిపోయిందా? ప్రశ్నలు తీసేసే ముందు ఇవి చూడండి

సమస్య 1: క్రోన్‌బాక్ ఆల్ఫా (సర్వే ప్రశ్నావళిలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎంత పొంతనగా ఉన్నాయో చెప్పే అంకె) మైనస్‌లో వచ్చింది, లేదా మరీ తక్కువగా ఉంది.

మైనస్ వస్తే ముందు ఒక్కటే చూడండి. రివర్స్ ప్రశ్నల (మిగతావాటికి ఎదురర్థంలో రాసినవాటి) స్కోరు తిప్పి ఉండరు, లేదా రెండుసార్లు తిప్పి ఉంటారు. 1–5 స్కేలైతే 6లోంచి, 0–4 స్కేలైతే 4లోంచి తీసేయాలి. అదే కమాండు ఇంకోసారి నడిపితే స్కోరు మళ్లీ మొదటికొస్తుంది, ఎర్రర్ కూడా రాదు. అందుకే తిప్పిన స్కోరును పాత కాలమ్‌లో కాకుండా కొత్త కాలమ్‌లో పెట్టాలి. జవాబు లేనిచోట 99 వేసి ఉంటే ముందే ఖాళీ చేయండి, లేకపోతే తిప్పాక అది −93 అవుతుంది. రెండు నిమిషాల పని ఇది. దీన్ని వదిలేసి నేరుగా ఫ్యాక్టర్ ఎనాలిసిస్‌కి (ప్రశ్నలు ఏయే గుంపులుగా విడిపోతాయో చూసే లెక్కకు) పరిగెత్తేవాళ్లే ఎక్కువ.

సమస్య 2: స్కోర్లు సరిగ్గానే తిప్పారు. అయినా ఆల్ఫా 0.55 దాటదు. రివర్స్ ప్రశ్నలన్నీ ఒక గుంపు, మిగతావి ఇంకో గుంపుగా విడిపోతున్నాయి.

మీరు కొలిచే భావనకు రెండు పార్శ్వాలున్నాయని రాసేయాలనిపిస్తుంది. తొందరపడకండి.

తెలుగులో కాదనే మాట వాక్యం చివర, క్రియ తోకలో ఉంటుంది. "నలుగురిలో మాట్లాడాలంటే భయపడతాను", "నలుగురిలో మాట్లాడాలంటే భయపడను": ఎదురెదురు అర్థాలున్న ఈ రెండు వాక్యాలకూ తేడా ఆ తోక ఒక్కటే. ఇరవయ్యో ప్రశ్నకొచ్చేసరికి కన్ను "భయప..." దగ్గరే ఆగి, చెయ్యి టిక్ పెట్టేస్తుంది. జాగ్రత్తగా చదివినవాళ్లకూ చిక్కే. "భయపడను" అన్నదానికి "అంగీకరించను" అని పెడితే భయపడతాననే కదా, ఆ లెక్క తేల్చుకోలేక చాలామంది మధ్యలో 3 పెట్టేస్తారు. దీనికి తోడు "పూర్తిగా అంగీకరించను" అనే ఆప్షన్. అస్సలు ఒప్పుకోననా, కొంతవరకే ఒప్పుకుంటాననా? రెండు రకాలుగానూ చదువుకోవచ్చు.

నిర్ధారణకు తిప్పని స్కోర్లు తీయండి. ఎదురెదురు ప్రశ్నల జత రెండింటికీ 4 లేదా 5 పెట్టినవాళ్లను గుర్తించి, అవి ఎక్కడ పోగుపడ్డాయో చూడండి. కొద్దిమంది వరసల్లోనే, ప్రతి జతలోనూ కనిపిస్తే వాళ్లు చదవకుండా నింపారన్నమాట. అందరిలోనూ ఒకటి రెండు ప్రశ్నల దగ్గరే కనిపిస్తే తప్పు వాక్యానిది. ఇలా రెండింటికీ 4 లేదా 5 పెట్టినవాళ్లను తీసేసి ఆల్ఫా పెరిగిందని సంబరపడొద్దు. పొంతన లేనివాళ్లను తీసేస్తే అది ఎలాగూ పెరుగుతుంది, పేపర్లో వేయాల్సిన అంకె అది కాదు.

తప్పు వాక్యానిదైతే "-ను", "-దు" తోకలు తీసేసి ఎదుటి అర్థాన్ని సూటిగా చెప్పండి. "భయపడను" బదులు "ధైర్యంగా మాట్లాడతాను". ధైర్యం, భయం అచ్చంగా ఒకదానికొకటి తిరగేసినవి కావు, అది మీ భావనకు సరిపోతుందో లేదో మీరే తేల్చుకోవాలి. ఆప్షన్‌ను "అస్సలు ఒప్పుకోను" అని మార్చండి. ఎంత తరచుగా అని అడిగే స్కేలులో "ఎప్పుడూ", "ఎప్పుడూ లేదు" పక్కపక్కన పెట్టకండి, "అసలు లేదు" నుంచి "దాదాపు రోజూ" వరకు అని పెట్టండి. తర్వాత ఐదారుగురి చేత ప్రతి వాక్యం చదివించి, అర్థం వాళ్ల మాటల్లో చెప్పమనండి. మాటలు మార్చాక పైలట్ (అసలు సర్వేకు ముందు కొద్దిమందితో చేసే పరీక్ష) మళ్లీ చేయాల్సిందే, పాత డేటాకు అతుకు వేయలేం. వేరేవాళ్లు ప్రచురించిన స్కేలైతే మాటలు మార్చే ముందు అనుమతి అడగండి.

సమస్య 3: ప్రశ్నలు మూడే, ఆల్ఫా 0.56.

ఇది అసలు జబ్బే కాకపోవచ్చు. ప్రశ్నల మధ్య సగటు సహసంబంధం (రెండు ప్రశ్నల జవాబులు ఎంతగా కలిసి నడుస్తాయో చెప్పే అంకె) 0.3 ఉంటే మూడింటికి వచ్చేది అంతే. అదే సహసంబంధంతో పది ప్రశ్నలుంటే 0.81 వస్తుంది. ఆల్ఫాతో పాటు ఆ సగటు కూడా రాయండి.

అందరూ ఒకే తీరు మనుషులు కావడం వల్ల స్కోర్లలో తేడా లేక ఆల్ఫా తగ్గడం అప్పుడప్పుడు జరుగుతుంది, ప్రామాణిక విచలనం (స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) చూస్తే తెలిసిపోతుంది. సాఫ్ట్‌వేర్ తప్పు లెక్క కట్టిందేమో అన్న అనుమానం మాత్రం చివరికి ఉంచుకోండి.