సీటు బెల్టు ఆఖరు దాకా లాగి చూడండి: పాత ఎస్‌యూవీ కొనేముందు, కొన్నాక

పాత బండి చూడ్డానికి వెళ్లినప్పుడు ముందే బానెట్ ఎత్తకండి. డ్రైవరు సీట్లో కూర్చుని, సీటు బెల్టు పట్టుకుని, ఇక రాదు అనేదాకా లాగండి.

కిందటేడు వేసవిలో విజయవాడలో నాకొక తెల్ల ఎస్‌యూవీ చూపించారు. పాలిష్ పెట్టి అద్దంలా మెరుస్తోంది. సీట్లకి కొత్త కవర్లు, లోపల మల్లెపూల సెంటు. బెల్టు మనం పెట్టుకునేంత మేర శుభ్రంగా నల్లగా ఉంది. ఇంకో రెండు జానలు లాగాను. చుట్టలో ఉండిపోయి ఎప్పుడూ బయటికి రాని ఆ ముక్క మీద గోధుమరంగు మరక కనిపించింది. గోటితో గీకితే ఒండ్రు పొడిలా రాలి నా ప్యాంటు మీద పడింది. పక్కనున్న బ్రోకరు నా మొహం చూశాడు గానీ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు. బెల్టు వదిలేసి, తలుపు వేసేసి, టీ తాగి వచ్చేశాను.

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు బండ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. వరదలో మునిగిన బండిని బాగుచేసి నడిపించడం కష్టమేం కాదు. అసలు బెడద తరవాత మొదలవుతుంది. సీట్ల కింద, కార్పెట్ కింద వైర్ల జాయింట్లుంటాయి. ఎయిర్‌బ్యాగులకి ఆజ్ఞ ఇచ్చే పెట్టె చాలా బండ్లలో గేరు రాడ్డు దగ్గర, కింద నేలకి ఆనుకునే ఉంటుంది. వాటిలోకి బురదనీళ్లు పోతే వెంటనే ఏమీ కాదు. ఆర్నెల్లకో ఏడాదికో పచ్చగా తుప్పు పట్టి, ఒక రోజు పవర్ విండో పనిచేయదు, ఇంకో రోజు డాష్‌బోర్డులో ఎర్ర లైటు వెలుగుతుంది. ఏ మెకానిక్కూ దాని మూలం పట్టుకోలేడు.

అందుకని బెల్టు తరవాత చూడాల్సినవి ఇవి. డిక్కీలో స్టెప్నీ తీసి, కింద గుంటలో మట్టి ఉందేమో చూడండి. ముందు సీటు వెనక్కి జరిపి, పట్టాలు బిగించిన బోల్టులు చూడండి. నేల మీద తుడిచినవాడు బోల్టు మరల్లో తుడవడు. కార్పెట్ అంచు ఒక మూల ఎత్తి, కింద స్పాంజి నొక్కండి. హెడ్‌లైటు గాజు లోపల నీటి గీత ఉందేమో చూడండి. ఆఖరున అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ వేయకుండా పది నిమిషాలు లోపలే కూర్చోండి. సెంటు ఎంత కొట్టినా ఆ పాచి వాసన దాగదు.

నా సంగతి చెప్పలేదు కదూ. మాది నూజివీడు. ఎరువుల కొట్టు ఉంది, ఊరి బయట కొంచెం మామిడి తోట ఉంది. పదకొండేళ్లు చిన్న కారే తోలాను. పెద్ద బండి ఎందుకంటే చాలామంది హోదా అనుకుంటారు. నాకు కారణం మా అమ్మ మోకాళ్లు. చిన్న కారులో కూర్చోవాలంటే ఆవిడ కిందికి వాలాలి, దిగేటప్పుడు ఇద్దరు పట్టుకుని లేపాలి. అలాగని మరీ ఎత్తు బండి అయితే మెట్టెక్కినట్టు ఎక్కాలి. అదీ కుదరదు. సీటు సరిగ్గా ఆవిడ నడుం ఎత్తున ఉండాలి, పక్కకి జరిగి కూర్చుంటే సరిపోవాలి. కాబట్టి షోరూముకి గానీ బేరానికి గానీ ఇంట్లో పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లండి. నేను చూసిన ఏడు బండ్లలో నాలుగు అమ్మ కూర్చోగానే తేలిపోయాయి.

కొత్తదా పాతదా అన్నది డబ్బు లెక్క. నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని బండికి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం. మిడ్‌సైజు ఎస్‌యూవీలన్నీ నాలుగు మీటర్లు దాటినవే. దానికి తోడు మన దగ్గర లైఫ్ ట్యాక్స్. ఇవన్నీ మొదటి కొన్నవాడు కట్టేసి ఉంటాడు కనుక నేను పాతదానికే మొగ్గాను. 2018 మోడల్ క్రెటా, 1.6 డీజిల్, మాన్యువల్ గేర్లు. ఒకే యజమాని, లెక్చరరు గారు. ఏడు లక్షల అరవై వేలు అడిగారు, ఏడు లక్షల పదికి తెగింది.

ఆ యాభై వేలు మాటకారితనంతో తగ్గలేదు. పొద్దున ఆరున్నరకి ఆయన ఇంటి ముందు నిలబడ్డాను. ముందురోజు ఫోన్లోనే చెప్పాను, "మాస్టారూ, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి" అని. డీజిల్ ఇంజను గుణం దోషం చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. వెళ్లగానే అరచెయ్యి బానెట్ మీద పెట్టండి. వెచ్చగా ఉంటే మీకోసం ముందే వేడిచేశారని అర్థం. ఇంకో రోజు వస్తానని చెప్పి వెనక్కి తిరగండి. చల్లగా ఉంటే, తాళం తిప్పగానే ఒక్క దమ్ములో అందుకోవాలి. సైలెన్సర్ వెనక ఒకరిని నిలబెట్టండి. తొలి క్షణం కొంచెం నల్లపొగ వస్తే పరవాలేదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిల్ తాగుతోంది. తెల్లపొగ వచ్చి, వేడెక్కినా ఆగకపోతే ఇంజెక్టర్లకో, కూలెంటుకో సంబంధించి ఏదో ఖర్చు కాచుకుని ఉంది. ఇంజను నడుస్తుండగా ఆయిల్ పోసే మూత జాగ్రత్తగా తీసి చూడండి. పలచగా ఆవిరి వస్తే సరే. గుప్పు గుప్పుమని ఊదుతుంటే పిస్టన్ రింగులు అరిగాయి.

తరవాత ఖాళీ రోడ్డు మీదికి తీసుకెళ్లి, నాలుగో గేరులో నలభై మీద ఉండగా యాక్సిలరేటరు పూర్తిగా తొక్కండి. ఇంజను గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అయిపోయింది. నేను కొన్నదాంట్లో కొంచెం అదే కనిపించింది. నాలుగు టైర్లూ పాతవే. టైరు పక్కన గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. నా బండి మీద 1119 అని ఉంది, అంటే 2019లో పదకొండో వారం తయారీ. గాడి బాగానే కనిపిస్తుంది గానీ రబ్బరు పక్కల్లో వెంట్రుకంత పగుళ్లు. క్లచ్చూ టైర్లూ కాగితం మీద రాసి చూపిస్తే లెక్చరరు గారు కాసేపు ఆలోచించి, "సరేనండీ, మీరన్నట్టే కానివ్వండి" అన్నారు.

కిలోమీటర్ల మీటరుని నమ్మకండి. దాన్ని వెనక్కి తిప్పడం పావుగంట పని. అరవై ఎనిమిది వేలే తిరిగిందని నాకొకరు చూపించిన బండికి క్లచ్ పెడల్ రబ్బరు అరిగి ఇనుము మెరుస్తోంది. స్టీరింగు మీద చేతులు పడే చోట తోలు నున్నగా అయిపోయింది. కంపెనీ సర్వీసు సెంటర్లో నంబరు ఇచ్చి, యజమాని చేత పాత బిల్లులు తీయిస్తే, రెండేళ్ల కిందటి బిల్లులోనే లక్షా పదివేలు ఉంది. యజమాని బిల్లులు తీయించడానికి వెనకాడితే అదే జవాబు.

ప్రమాదం జరిగిందా లేదా అన్నదానికి బానెట్ బోల్టులు చూడండి. ఫ్యాక్టరీలో బిగించిన బోల్టు తల మీద రంగు చెక్కుచెదరదు. స్పానరు పడితే అంచులు చెదిరిపోతాయి. ఒక బంపరో ఒక తలుపో టింకరింగు చేయించి ఉంటే నాకు పట్టింపు లేదు, మన రోడ్ల మీద అది మామూలే. బానెట్ కింద, రెండు వైపులా ముందుకి పోయే ఇనప దూలాలుంటాయి. వాటి మీద వెల్డింగు కనిపిస్తే మాత్రం వద్దు.

హర్యానా, ఢిల్లీ నంబరు బండ్లు మన దగ్గర చవగ్గా వస్తాయి. ఢిల్లీ పరిధిలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు తిరగకూడదని 2015లో ఎన్‌జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. ఆ దెబ్బతో గడువు దగ్గరపడ్డ బండ్లన్నీ దక్షిణానికి దొర్లుకుంటూ వచ్చాయి. బండి మంచిదే కావచ్చు. కానీ అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం తేవాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చాలి. ఆ ఖర్చు కలిపితే చవక ఎంత మిగిలిందో అప్పుడు చూడండి. ఎన్‌వోసీ "వచ్చేస్తుంది" అనే మాటకి బయానా ఇవ్వకండి.

కాగితాల దగ్గర నేను టెన్షన్ పడింది ఒక్కచోటే. సీ-బుక్కులో (ఆర్‌సీలో) ఫైనాన్స్ పేరు ఇంకా ఉంది. అప్పు తీరి మూడేళ్లైంది, ఆయన తీయించుకోలేదు. ఆ పేరు తీయించే ఫారం 35 మీద బ్యాంకు సంతకం, బాకీ లేదనే నో డ్యూస్ లెటరు వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వలేదు. బండి పేరు మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు నా ఎదుటే పెట్టించుకున్నాను. పెండింగ్ చలానాలు మూడున్నాయి, ఆయనే కట్టారు. ఇన్సూరెన్సు పద్నాలుగు రోజుల్లోపు మీ పేరు మీదికి మార్పించుకోండి. ఆలస్యం చేస్తే మీ బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిము చిక్కుల్లో పడుతుంది. ఇంకోటి, క్లెయిము చేయని ఏళ్లకి ప్రీమియంలో తగ్గించే నో క్లెయిమ్ బోనస్ బండిది కాదు, మనిషిది. అమ్మినవాడి యాభై శాతం తగ్గింపు ఆయనతోనే పోతుంది. ప్రీమియం పెరిగిందని కంగారు పడకండి.

డీజిలా పెట్రోలా అని రోజూ ఎవరో ఒకరు కొట్లో అడుగుతారు. నేను తిరిగి వాళ్లనే అడుగుతాను, "రోజూ ఎంత దూరం?" అని. 2020 ఏప్రిల్ తరవాత బీఎస్6 అనే కొత్త కాలుష్య నిబంధనలతో వచ్చిన డీజిల్ బండ్లలో డీపీఎఫ్ అని ఉంటుంది, పొగలో మసిని పట్టి ఉంచే జల్లెడ. అది నిండాక లోపలే కాలిపోవాలి, కాలాలంటే ఇంజను బాగా వేడెక్కి, హైవే మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా పరిగెత్తాలి. ఇంటి నుంచి కొట్టుకి, కొట్టు నుంచి బడికి అంటే అది ఎప్పటికీ కాలదు. లైటు వెలిగిందంటే ఆ సాయంత్రమే హైవే ఎక్కండి, మధ్యలో ఆపకండి. ఊళ్లోనే తిరిగేవాళ్లకి పెట్రోలే హాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కి ముందు తయారైన పెట్రోలు బండి తీసుకుంటుంటే, దాని మాన్యువల్లో ఎంత శాతం దాకా పరవాలేదని రాశారో చదవండి. నాది అంతకుముందు బీఎస్4 కాలం డీజిల్ కనుక ఆ జల్లెడ గొడవ లేదు.

కొన్న నెలలోనే ఖర్చు తగులుతుంది, దానికి ముందే డబ్బు పక్కన పెట్టండి. నాకు నాలుగు టైర్లకి ముప్పై ఎనిమిది వేలు, బ్యాటరీకి ఏడు వేలు, ఆయిలూ ఫిల్టర్లూ కూలెంటూ బ్రేక్ ఆయిలూ కలిపి పద్నాలుగు వేలు అయింది. పాత యజమాని "మొన్ననే మార్పించాను" అన్నా మార్చేయండి. లెక్క మీ చేతిలో మొదటి నుంచి ఉంటుంది. క్లచ్ మాత్రం ఆటోనగర్ మెకానిక్ అప్పుడే వద్దన్నాడు. మేమంతా బాబాయ్ అంటాం ఆయన్ని. "ఇంకో పదివేలు తిరుగుద్దిరా, నువ్వు కాలు తీస్తే" అన్నాడు. అప్పటికి గానీ నాకు తెలియలేదు, గేరు మార్చాక కూడా ఎడమ కాలు పెడల్ మీదే ఉంచుతున్నానని. చిన్న కారులో పట్టిన అలవాటు. బాబాయ్ పక్కన కూర్చుని, కాలు పెడల్ మీదికి వచ్చినప్పుడల్లా మోకాలి మీద ఒకటి వేశాడు. ఇప్పటికి పద్నాలుగు వేలు తిరిగాను, క్లచ్ అదే.

మిగతా పోషణ పెద్ద విద్యేం కాదు. ఏడాదికో పదివేల కిలోమీటర్లకో, ఏది ముందొస్తే దానికి ఆయిలు మార్పించడం. నెలకోసారి పొద్దున్నే టైర్లలో గాలి, డ్రైవరు తలుపు పక్కన అంటించిన స్టిక్కరులో ఉన్నంత. డీజిల్ ఫిల్టరులో చేరిన నీళ్లు సర్వీసప్పుడు వదిలించడం. వర్షాకాలంలో నీళ్లు నిలిచిన రోడ్డు కనిపిస్తే ముందు వెళ్లిన బండి చక్రం ఎంత మునిగిందో చూడండి. సగం దాటితే ఆగిపోండి. ఎత్తు బండి కదా అని దిగి మధ్యలో ఆగిపోతే, మళ్లీ తాళం తిప్పొద్దు. ఇంజనులోకి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క తిప్పుకే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. తోయించుకుని బయటికి తెచ్చి, టోయింగు బండిని పిలవండి. పాలసీ తీసుకునేటప్పుడే ఇంజన్ ప్రొటెక్ట్ అని విడిగా ఉంటుంది, అది పెట్టించుకోండి. మామూలు పాలసీలో ఇంజనులోకి నీళ్లు పోయిన నష్టం సాధారణంగా రాదు.

మా వైపు ఇంకో శత్రువు ఉంది. కోతలవ్వగానే పొలంలో ఎలకలు ఊళ్లోకి వస్తాయి, వెచ్చగా ఉందని బానెట్ కింద కాపురం పెడతాయి. ఒకసారి వైర్లు కొరికితే నాలుగు వేలు అయింది. అప్పటి నుంచి పొగాకు కాడలు గుడ్డలో మూటకట్టి బ్యాటరీ పక్కన కడుతున్నాను, వేడి తగలని చోట. రెండు నెలలకోసారి మారుస్తాను. ఏసీ వేసిన మొదటి నిమిషం బండిలో పొగాకు ఆరబెట్టే బ్యారన్ వాసన వస్తుంది. అమ్మ ముక్కు మూసుకుంటుంది గానీ, దిగమంటే దిగదు.