కిచెన్ షట్టర్ ఫినిష్: ముందు అంచు చూడండి

వంటింటి క్యాబినెట్ తలుపులకు, అంటే షట్టర్లకు, ఫినిష్ (పైపొర లేదా పైపూత) ఎంచుకోవడానికి వెళ్తే అరచేతిలో పట్టేంత శాంపిల్ ముక్క చేతికిస్తారు. రంగు, మెరుపు అందులో తెలుస్తాయి. కానీ షట్టర్ పాడవడం సాధారణంగా అంచు దగ్గర మొదలవుతుంది, ఆ ముక్కకేమో అసలు అంచే ఉండదు. అందుకని నాలుగు అంచులూ, వెనక వైపూ పూర్తయిన చిన్న షట్టర్ చూపించమని అడగండి. అంచు మీద గోరు అడ్డంగా లాగండి. అతుకులో గోరు తట్టుకుంటే నీళ్లకు అక్కడే దారి దొరికినట్టు.

రోజూ గట్టిగా వాడే వంటింటికి ముందు లామినేట్‌నే, అంటే బోర్డుకు అతికించే పల్చటి గట్టి షీట్‌నే, చూడమంటాం. ముఖానికి 1 మి.మీ., వెనక 0.8 మి.మీ. షీట్ వేయించండి. వెనక వైపు వదిలేస్తే కొంత డబ్బు మిగులుతుంది, కాకపోతే తేమ ఒక పక్కే లోపలికి వెళ్లి షట్టర్ వంగుతుంది. అప్పుడు హింజ్ స్క్రూ ఎంత తిప్పినా ఒక మూల ఎత్తుగానే ఉంటుంది. ఎడ్జ్ బ్యాండ్, అంటే అంచుకు అతికించే పట్టీ, మెషీన్ మీద వేసిందే తీసుకోండి. దెబ్బలు తగిలే కింది డ్రాయర్లకు 2 మి.మీ., మిగతావాటికి 0.8 మి.మీ. చాలు. సింక్, డిష్‌వాషర్, అవెన్ పక్కన ఉండే వాటికి పీయూఆర్ (పాలియురెథేన్) గమ్‌తో వేయమని అడగండి. మామూలు హాట్‌మెల్ట్ గమ్ వేడికి మెత్తబడుతుంది, ఆవిరి తగిలే చోట బ్యాండ్ మెల్లగా లేస్తుంది.

చెక్క గీతలున్న డిజైన్ అయితే గీత నిలువా అడ్డమా అన్నది ఆర్డర్‌కి ముందే తేల్చుకోండి, ఎందుకంటే షీట్ల లెక్క మారిపోతుంది. 2440 × 1220 మి.మీ. షీట్‌లో గీత పొడవు వైపు ఉందనుకుందాం. 600 వెడల్పు, 720 ఎత్తు ఉన్న షట్టర్లు నిలువు గీతతో ఆరు వస్తాయి. అదే గీత అడ్డంగా కావాలంటే నాలుగే. ఈ తేడా కొటేషన్‌లో పట్టించుకోకపోతే పని మధ్యలో ఇంకో షీట్ కావాల్సి వస్తుంది, కొత్త బ్యాచ్ రంగు కలవదు.

మెంబ్రేన్ షట్టర్ అంటే రూటర్ అనే చెక్కే మెషీన్‌తో డిజైన్ వేసిన ఎండీఎఫ్ (చెక్క నారను గమ్‌తో నొక్కి చేసిన బోర్డు) మీద పల్చటి పీవీసీ ఫాయిల్‌ని వేడిచేసి, వ్యాక్యూమ్‌తో లాగి అతికించింది. ముందు వైపు, అంచులు ఒకే తొడుగు కాబట్టి అతుకు కనబడదు, డిజైన్ కూడా తక్కువ ఖర్చులో వస్తుంది. దీనికి శత్రువు వేడి. స్టవ్ పక్కన, అవెన్ పక్కన, కెటిల్ ఆవిరి తగిలే పై షట్టర్ కింది అంచున ఫాయిల్ ముడుచుకుని మూలల్లో ఊడుతుంది. ఒకసారి ఊడితే గమ్ పెట్టి నొక్కినా నిలిచేది కొన్నాళ్లే. ఆ చోట్లకు వేరే ఫినిష్ తీసుకోండి, లేదా అవెన్‌కి ఇరుపక్కలా వేడిని పక్కకు మళ్లించే హీట్ డిఫ్లెక్టర్ పట్టీలు పెట్టించండి.

అద్దంలాంటి మెరుపు కావాలంటే అక్రిలిక్ (మెరిసే ప్లాస్టిక్ షీట్). సన్న గీతలు పాలిష్‌తో పోతాయి, లోతైనవి పోవు. థిన్నర్, ఎసిటోన్, స్పిరిట్ తగిలితే సన్నటి పగుళ్లు వస్తాయి. సబ్బు నీళ్లు, మైక్రోఫైబర్ గుడ్డ తప్ప ఇంకేమీ వద్దు. ముదురు రంగు గ్లాసీ మీద వేలిముద్రలు ఎంత తుడిచినా మళ్లీ పడుతూనే ఉంటాయి, ఓపిక లేకపోతే మ్యాట్ మేలు.

పీయూ (పాలియురెథేన్) పెయింట్‌లో అసలు నాణ్యత పై కోటులో కాదు, కింద సీలర్‌లో, అంటే బోర్డు పెయింట్ పీల్చకుండా ముందు వేసే పూతలో ఉంటుంది. ఎండీఎఫ్ ముఖం కంటే కోసిన అంచు చాలా ఎక్కువ పీలుస్తుంది. అక్కడ అదనంగా రెండు కోట్లు సీలర్ కొట్టి, ఆరాక సన్నటి శాండ్‌పేపర్ పట్టకపోతే అంచు గరుకుగా తేలుతుంది. తెలుపు వేయిస్తుంటే పసుపు తిరగని హార్డెనర్ (పెయింట్ గట్టిపడడానికి కలిపేది) వాడమని రాతపూర్వకంగా అడగండి. పెచ్చు లేస్తే టచప్ చేయొచ్చన్నది దీని గొప్ప సుగుణం. లామినేట్‌కి ఆ అవకాశం లేదు.

గాజు తలుపులు చూడ్డానికి బాగుంటాయి గానీ బరువు లెక్కేసుకోండి. 4 మి.మీ. గాజు చదరపు మీటరుకు 10 కిలోలు. అంటే పైన చెప్పిన 600 × 720 షట్టర్‌కి గాజే 4.3 కిలోలు, వెనకున్న బోర్డు బరువు వేరే. రెండు హింజ్‌లతో సరిపెట్టకండి.

షట్టర్లు వచ్చాక బిగించకముందే రెండు చోట్లు చూడండి. సింక్ కింది షట్టర్‌ని తలకిందులు చేసి కింది అంచు చూడండి, ఎవరి కంటా పడదని తరచూ అక్కడ పెయింటో బ్యాండో ఎగ్గొడతారు. తర్వాత హింజ్ కప్ (షట్టర్‌లోకి దిగే హింజ్ గుండ్రటి భాగం) కోసం వేసిన 35 మి.మీ. రంధ్రం. లోపల పూత లేని చెక్క కనబడితే బ్రష్‌తో సీలర్ పూసి, ఆరాకే హింజ్ పెట్టించండి.